చలి దిగేలోపు గ్రీన్‌హౌస్: 46 రోజుల పని డైరీ

వేసవి పంట దిగిపోతూ, చలికాలపు ఆకుకూరలు ఎక్కాల్సిన మధ్య కాలం ఇది. గ్రీన్‌హౌస్‌లోనూ బయటి మడుల్లోనూ ఈ నెలన్నరలో చేసిన పనులు, పోయిన మొక్కలు, తీసిన కొలతలు ఎప్పటికప్పుడు రాసి పెట్టాను. పోయినేడు ఇదే పని లెక్క లేకుండా చేస్తే నడి చలిలో సగం లెట్యూస్ బూజు పట్టి పోయింది. ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కోవడానికి ఒక్క అంకె కూడా రాసుకోలేదు. ఈసారి ప్రతి దానికీ అంకె ఉంది, కాబట్టి తప్పులు కూడా కచ్చితంగా చెప్పగలను.

గ్రీన్‌హౌస్ 3 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు. కప్పు, గోడలు 6 మిల్లీమీటర్ల రెండు పొరల పాలికార్బొనేట్ ప్లాస్టిక్ పలకలు. లోపల ఎడమ, కుడి మడులు, ఒక్కోటి 3 × 0.8 మీటర్లు, అంటే 2.4 చదరపు మీటర్లు. మధ్యలో నడవ, వెనక గోడకు నారు బల్ల. బయట 1.2 × 3 మీటర్ల మడులు నాలుగు.

లక్ష్యం ఒకటే: ఎడమ మడిలో 20 సెంటీమీటర్ల ఎడంతో 60 మొక్కలు (పొడవునా 15, వెడల్పున 4), పగలు 10 గంటలకు తగ్గేలోపు ఒక్కోటి అరచేతి వెడల్పుకు రావాలి. పగటి నిడివి 10 గంటల కిందికి దిగాక ఆకుకూరలు ఎదగడం దాదాపు ఆపేస్తాయి. అప్పటికి ఎంత ఉంటే అంతే. ఆ తర్వాత గ్రీన్‌హౌస్ ఆకుల్ని నిలవ ఉంచుతుంది గానీ పెంచదు. 1వ రోజున నాకు పగలు 13 గంటల 5 నిమిషాలు. రోజుకు సుమారు 3 నిమిషాల చొప్పున తరుగుతోంది. లెక్క వేస్తే 62వ రోజు దగ్గర 10 గంటలు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేవాళ్లకు పగలు అంతకు దిగనే దిగదు, వాళ్లు వేడి, తేమ చూసుకుంటే చాలు.

దశ 1: కొలిచే పరికరాన్నే ముందు సరిచేయడం (1–3 రోజులు)

గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు పట్టి ఉంచే థర్మామీటరును పోయినేడు వేలాడదీసిన మేకుకే తగిలించాను. మధ్యాహ్నం 46.2 డిగ్రీలు చూపింది. లోపల నిలబడితే అంత వేడి అనిపించలేదు. అనుమానం వచ్చి తెల్ల ప్లాస్టిక్ డబ్బాకు రెండు వైపులా మూతలు కోసేసి, అడ్డంగా కట్టి, థర్మామీటరును అందులో పెట్టాను. అదే ఎండ, అదే ఎత్తు: 34.8 డిగ్రీలు. 11 డిగ్రీలకు పైగా తేడా. మొదటిసారి చూపింది గాలి వేడి కాదు, ఎండలో కాగిన ప్లాస్టిక్ వేడి. పోయినేడు తలుపు ఎప్పుడు తీయాలో, షేడ్‌నెట్ ఎప్పుడు విప్పాలో అన్నీ ఆ తప్పుడు అంకె చూసే చేశానన్నమాట.

1. థర్మామీటరుకు నేరుగా ఎండ తగలకూడదు, గాలి మాత్రం ఆడుతూ ఉండాలి.
2. మొక్క తల ఎత్తులో కట్టాలి. కప్పు కింద కడితే అక్కడి వేడి వేరు.
3. అలాంటిదే ఇంకోటి బయట నీడలో పెట్టాలి. లోపలి కనిష్ఠం ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. లోపలికీ బయటికీ తేడా ఎంతన్నదే గ్రీన్‌హౌస్ చేసిన పని.

వీటితోపాటు నేలలోకి 10 సెంటీమీటర్లు దిగే థర్మామీటరు, తేమ మీటరు, ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్, నేలలో ఉప్పు ఎంతుందో అంచనాకు ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు వాడాను. ఫోన్ చెప్పే వెలుతురు అంకె కచ్చితం కాదు. అదే ఫోన్‌తో లోపల, బయట వెంటవెంటనే కొలిచి నిష్పత్తి చూసుకుంటే మాత్రం పనికొస్తుంది.

ఇప్పటివరకు: పని 3 గంటలు.

దశ 2: టమాటాలకు సెలవు (2–14 రోజులు)

2వ రోజే లోపలి రెండు మడుల్లోని టమాటా మొక్కలన్నిటి తలలు తుంచేశాను. ఇప్పుడు పూసే పువ్వు కాయై, ముదిరి, పండడానికి వేడి మిగలదు. పైన రెండు ఆకులు ఉంచి చిగురు తీసేస్తే మొక్క బలమంతా ఉన్న గుత్తులకే పోతుంది. పక్క పిలకలు, విచ్చని పూగుత్తులు కూడా తీశాను. కింది ఆకులు మొదటి గుత్తి వరకే తీయాలి. రెండు మొక్కలకు ఉత్సాహపడి సగం పైదాకా తీస్తే, ఎండ నేరుగా తగిలిన కాయలు నాలుగింటికి భుజాల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి.

ఎడమ మడి ఖాళీ చేయడానికి 14వ రోజు దాకా ఆగాను. ఆ రోజు 1.9 కిలోల పండ్లు, 3.9 కిలోల పచ్చి కాయలు దిగాయి. పచ్చి కాయల్ని ఎలా పండించాలన్నదాని మీద ప్రతి ఒక్కరూ ఒక మాట చెబుతారు. నేను 12 కాయల చొప్పున నాలుగు లాట్లుగా పెట్టి చూశాను. ఇంట్లో 20 డిగ్రీలు.

మొదటి లాటు: మూసిన అట్టపెట్టెలో ఒక పండిన అరటిపండుతో కలిపి. 9 రోజులకు 11 పండాయి.
రెండో లాటు: అలాంటి పెట్టెలోనే అరటిపండు లేకుండా. 9 రోజులకు 8, 14 రోజులకు 11.
మూడో లాటు: ఎండ పడే కిటికీ గట్టు మీద. 14 రోజులకు 7 ఎర్రబడ్డాయి, 3 ఒక పక్క మెత్తబడ్డాయి.
నాలుగో లాటు: చిన్న, లేత కాయలు అరటిపండుతో. 4 రంగు మారాయి, రుచి లేదు. మిగతావి ముడతలు పడ్డాయి.

పండే అరటిపండు వదిలే ఇథిలీన్ వాయువు టమాటాను తొందరపెడుతుంది. పండడానికి కావాల్సింది అదీ, మితమైన వేడీ, ఎండ కాదు. నాలుగో లాటు చెప్పింది ఇంకా ముఖ్యం. కాయ ముదిరిందో లేదో ముందే చూసుకోవాలి. ఒక కాయను అడ్డంగా కోస్తే గింజల చుట్టూ జిగురు పట్టి, గింజ కత్తికి తెగకుండా పక్కకు జారితే ముదిరినట్టు. గింజ తెగితే లేతది. అలాంటి కాయలు పండవు, వాటిని పచ్చిగానే వండేసుకోవడం మేలు. కోసిన కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 10 డిగ్రీల కింద చాలా రోజులుంటే ఆ తర్వాత ఎంత వెచ్చగా ఉంచినా సరిగ్గా పండవు.

ఇక్కడ చేసిన పెద్ద తప్పు మొక్కలు పీకిన తీరు. తెల్లదోమ ఉందని తెలుసు. అయినా పొడి మొక్కల్ని అలాగే పీకి, దులుపుకుంటూ తలుపు దాకా మోసుకెళ్లాను. లోపలంతా తెల్లగా లేచాయి. మర్నాటికి పసుపు జిగురు అట్టకు 63 దోమలు అంటుకున్నాయి. అట్టకు అంటుకోనివి ఎక్కడికి పోయాయో తర్వాతి దశలో తెలిసింది.

ఇప్పటివరకు: పని 9 గంటలు. టమాటాలు 5.8 కిలోలు.

దశ 3: నారు, మూడు సార్లు (3–24 రోజులు)

ఈ డైరీలో అన్నిటికంటే ముందు చదవాల్సిన భాగం ఇదే అనుకుంటాను, ఎందుకంటే ఈ తప్పు చేసినవాళ్లు విత్తనాలు మంచివి కావని అనుకుని ఊరుకుంటారు.

3వ రోజు పొద్దున 48 గడుల ట్రేలో లెట్యూస్ వేసి, గ్రీన్‌హౌస్ బల్ల మీద పెట్టి, తడి ఆరకుండా మూత వేశాను. 10వ రోజుకు మొలిచినవి 5. విత్తనాలు పాతవేమోనని అదే ప్యాకెట్టులోంచి 20 గింజలు తడి కాగితంలో చుట్టి ఇంట్లో చల్లటి గదిలో ఉంచితే 18 మొలిచాయి. విత్తనంలో లోపం లేదు. ట్రే మట్టిలో థర్మామీటరు గుచ్చితే మధ్యాహ్నం 31 డిగ్రీలు. మూత వేయడం వల్ల ఇంకా ఎక్కింది.

లెట్యూస్ గింజ 25 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో మొలవడం తగ్గిపోతుంది, 30 దగ్గర దాదాపు ఆగిపోతుంది. గింజ చచ్చిపోదు, నిద్రపోతుంది. స్పినాచ్ రకం పాలకూర కూడా చల్లటి మట్టినే కోరుతుంది. చలికాలపు పంట కదా అని గ్రీన్‌హౌస్‌లో వెచ్చగా పెట్టడమే మొలకను ఆపేసింది. లెట్యూస్ గింజ నీరు పీల్చుకున్న మొదటి కొన్ని గంటల్లోనే ఈ వేడి దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకే పొద్దున వేసి మధ్యాహ్నపు ఎండకు అప్పగించడం కంటే, సాయంత్రం వేసి ఆ గంటల్ని రాత్రి చల్లదనంలో గడిచేలా చేయడం మంచిది.

రెండో విడత, 10వ రోజు:

1. సాయంత్రం 6 గంటలకు విత్తడం.
2. పైన 2–3 మిల్లీమీటర్ల మట్టి పొర మాత్రమే. లెట్యూస్ గింజకు కాస్త వెలుతురు కావాలి, లోతుగా పూడ్చకూడదు.
3. చల్లటి నీళ్లతో తడపడం.
4. ట్రేను ఇంట్లో చల్లటి గదిలో నేల మీద ఉంచడం. మట్టి వేడి 19 డిగ్రీలు.
5. మొదటి పచ్చ చుక్క కనిపించిన రోజే వెలుతురులోకి మార్చడం.

లెట్యూస్ 48కి 41, పాలకూర 24కి 17 మొలిచాయి. అయిదో అంకెలో ఒక రోజు ఆలస్యమైంది. చీకటి గదిలో ఆ ఒక్క రోజులోనే కొన్ని మొలకలు సన్నగా దారాల్లా సాగాయి. ట్రే మార్చాక 3 పడిపోయి లేవలేదు. మిగతావాటికి కాండం చుట్టూ మట్టి ఎగదోసి నిలబెట్టాను.

22వ రోజున నారు బాగానే ఉందనుకున్నాను. అమ్మ వచ్చి బల్ల దగ్గర ఒక నిమిషం నిలబడింది.

"ఆకు పైన చూస్తే ఏం తెలుస్తుందిరా, తిప్పి చూడు."

తిప్పితే అడుగున తెల్లదోమలు, వాటి పక్కనే పొడి చల్లినట్టు గుడ్లు. ఎడమ మడిలోంచి లేచినవన్నీ పక్కనే లేత ఆకు దొరికేసరికి ఇక్కడ వాలాయి. ట్రేల్ని వెంటనే బయటికి తీసి సన్నని దోమతెర కింద పెట్టాను. లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల మెత్తని సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా, 5 రోజులకోసారి మూడు సార్లు కొట్టాను. సబ్బునీళ్లు గుడ్లను పెద్దగా ఏమీ చేయవు, పొదిగి బయటికి వచ్చిన పిల్లల్ని, పెద్దవాటిని మాత్రమే చంపుతాయి. మళ్లీ మళ్లీ కొట్టక తప్పదు.

24వ రోజు సాయంత్రం మూడో విడతగా 24 గడుల్లో లెట్యూస్ మాత్రమే వేశాను, ఏ కారణంగా పోయినా ఖాళీలు పూడ్చుకోవడానికి. 22 మొలిచాయి. ముందు రెండు విడతల్లో నేర్చుకున్నదంతా ఈ చిన్న ట్రేలో కలిసొచ్చింది.

ఇప్పటివరకు: పని 13 గంటలు. మొదటి రెండు విడతల్లో బతికున్న నారు 60 (లెట్యూస్ 43, పాలకూర 17). అదనపు ట్రేలో 22.

దశ 4: మడిలో ఉప్పు, గాలిలో తేమ (15–26 రోజులు)

టమాటాలు తీశాక మడి అంచున తెల్లటి పొర కనిపించింది. గ్రీన్‌హౌస్ మీద కప్పు ఉంది, లోపల వాన పడదు. వేసిన ఎరువులో మొక్క తీసుకోగా మిగిలిన లవణాలు కిందికి దిగే దారి లేక, నీరు ఆవిరైనప్పుడల్లా పైకి వస్తాయి. టమాటా తట్టుకుంటుంది గానీ లేత లెట్యూస్ వేరు తట్టుకోదు. ఒక వంతు మట్టి, రెండు వంతుల వాననీరు కలిపి, అరగంట ఉంచి ఈసీ చూస్తే 1.9.

ఇలాంటప్పుడు వాడే లెక్క ఒకటుంది: 15 సెంటీమీటర్ల మందాన నీరు మట్టిలోంచి కిందికి దిగితే లవణాలు సుమారు సగం పోతాయి, 30 సెంటీమీటర్లు దిగితే అయిదింట నాలుగు వంతులు. నా మడికి 2.4 × 0.15 అంటే 360 లీటర్లు.

మొదటిసారి పైపు పెట్టి ఒకేసారి వదిలాను. 100 లీటర్లు కూడా దిగకముందే నీరు నడవలోకి పొంగింది. మడి మీద రెండు గంటలు నిలిచింది. 25 సెంటీమీటర్ల కింద మట్టి గట్టిపడి పలకలా ఉంది. నీరు ఇంకిపోయాక పళ్ల పారను నిలువుగా గుచ్చి, తిరగేయకుండా, ముందుకూ వెనక్కూ ఊపుతూ మడి అంతా వదులు చేశాను. ఆ తర్వాత 17, 18, 19 రోజుల్లో రోజ్ క్యాన్‌తో (జల్లులా పోసే మూతి ఉన్న నీళ్ల డబ్బా) రోజుకు 120 లీటర్లు, గంట వ్యవధిలో మూడు విడతలుగా పోశాను. 26వ రోజు మళ్లీ అదే పద్ధతిలో కొలిస్తే 0.9. నీటితోపాటు నత్రజని కూడా కొట్టుకుపోతుంది కాబట్టి పైన 2 సెంటీమీటర్ల మందాన, 48 లీటర్ల మాగిన కంపోస్టు పరిచాను.

ఇంతవరకు బాగుంది. కానీ 15వ రోజునే ఆరబెట్టడానికి 48 ఉల్లిగడ్డలు తెచ్చి గ్రీన్‌హౌస్ పై అరలో పరిచాను. బయట వానగా ఉంది, లోపల వెచ్చగా ఉంటుందనుకున్నాను. ఉల్లి మెడ ఎండడానికి కావాల్సింది వేడి ఒక్కటే కాదు, పొడి గాలి. ఆ మూడు రోజులు నేను మడిని నీళ్లతో ముంచుతుంటే లోపల తేమ 90 శాతం దాటింది. 26వ రోజుకు 13 గడ్డల మెడలు మెత్తబడ్డాయి, నొక్కితే గోధుమ రంగు నీరు. ఈ రెండు పనులూ ఒక కప్పు కింద ఒకే వారంలో చేయకూడదని తోచలేదు. మిగిలిన 35 గడ్డల్ని గాలి ఆడే షెడ్డులోకి మార్చాను, అవి నిలబడ్డాయి.

అంతకుముందు, 4 నుంచి 14వ రోజు దాకా అదే అరలో 6 గుమ్మడికాయల తోలు గట్టిపరిచాను. పగలు 25 డిగ్రీలు పైన, పొడి గాలి, 10 రోజులు. అది సరిగ్గా కుదిరింది. తొడిమ విరిగిన ఒక్క కాయ మాత్రం 30వ రోజుకు అక్కడి నుంచే కుళ్లింది. తొడిమ 5 సెంటీమీటర్లయినా ఉంచి కోయాలి, దాన్ని పట్టుకుని ఎత్తకూడదు.

ఇప్పటివరకు: పని 22 గంటలు. నీరు 360 లీటర్లు, పొంగిపోయింది కాక. ఉల్లి 48లో 35.

దశ 5: వెలుతురు కోసం కప్పు కడగడం (15–23 రోజులు)

ఎండ తేట మధ్యాహ్నం, మడి ఎత్తులో, బయటి వెలుతురులో లోపలికి వచ్చేది:

షేడ్‌నెట్‌తో 30 శాతం.
15వ రోజు నెట్ విప్పాక 61 శాతం.
23వ రోజు కడిగాక 72 శాతం.

నెట్ ఇంకో వారం ముందే విప్పాల్సింది. గరిష్ఠం వరుసగా 3 రోజులు 30 దాటకపోతే విప్పేయొచ్చు. ఎండలో ఉన్న థర్మామీటరును నమ్మి ఉంటే ఇంకా నెల రోజులు ఉంచేవాణ్ని.

కడగడంలో రెండు తప్పులు. ఒకటి, మొదటి పలకను గట్టి బ్రష్‌తో తోమాను. నాచు పోయింది, సన్నని గీతలు మిగిలాయి. పాలికార్బొనేట్ గాజు కాదు. మిగతా పలకలకు మెత్తని స్పాంజి, గోరువెచ్చని నీరు, పాత్రలు తోమే సబ్బు కొద్దిగా. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్లు అసలు వాడకూడదు, ఈ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. రెండోది, కడగడం కంటే ముందు నారును బల్ల మీద నుంచి తీయలేదు. 21వ రోజు సబ్బునీరు, నాచు కలిసి ట్రేల మీద కారింది. 4 లెట్యూస్ మొక్కల నడి చిగురు కుళ్లిపోయింది. వరుస ఇలా ఉండాలి:

1. లోపలున్నవన్నీ బయటికి.
2. పైనుంచి కిందికి, ముందు లోపల, తర్వాత బయట.
3. పలకల అతుకుల్లో పాత టూత్‌బ్రష్‌తో, ఫ్రేమ్ మీద మాత్రమే. చలికాలం దాక్కునే పురుగులు అక్కడే ఉంటాయి.
4. వాననీటి గొట్టంలో ఆకులు తీయడం.
5. శుభ్రమైన నీటితో కడిగి, తలుపులన్నీ తెరిచి ఒక రోజంతా ఆరనివ్వడం.

రెండు పొరల మధ్య చేరిన పచ్చదనం మాత్రం ఏం చేసినా పోదు. పలకల చివర్లకు వేసిన టేపు ఊడితేనే తేమ అక్కడికి చేరుతుంది. రెండు చోట్ల ఊడింది, ఎండిన రోజు చూసి మళ్లీ వేశాను.

ఇప్పటివరకు: పని 27 గంటలు. నారు 56.

దశ 6: బయటి మడులు (16–44 రోజులు)

ఇక్కడ చెప్పుకోదగ్గ తప్పులు లేవు, అందుకే క్లుప్తంగా.

1వ మడి: చిక్కుడు తీగల్ని పీకలేదు, నేల మట్టానికి కోశాను. వేళ్ల మీది బుడిపెలు నేలలోనే కుళ్లి నత్రజని మిగులుస్తాయి.
2వ మడి: 18వ రోజు పచ్చిరొట్టకు రై (గోధుమ లాంటి ధాన్యం), వెచ్ (చిక్కుడు కుటుంబపు తీగ) కలిపి చల్లాను. ఆవాలు త్వరగా ఎదుగుతాయి గానీ వచ్చేసారి అక్కడ క్యాబేజీ. రెండూ ఒకే కుటుంబం, వేళ్లకు బుడిపె తెగులు ఉంటే దాన్ని పోషించినట్టవుతుంది.
3వ మడి: 44వ రోజు వెల్లుల్లి, 40 రెబ్బలు. 10 సెంటీమీటర్ల లోతున నేల 14 డిగ్రీలకు దిగేదాకా ఆగాను. 5 సెంటీమీటర్ల లోతు, 15 సెంటీమీటర్ల ఎడం, మొన పైకి. వెల్లుల్లి రెబ్బలుగా విడిపోవాలంటే నేలలో ఉండగా కొన్ని వారాల చలి తగలాలి. లావు రెబ్బలే నాటాలి, సన్నవి వంటకి.
4వ మడి: ఖాళీ. 5 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు కప్పి వదిలేశాను.

తీసిన తీగలు, టమాటా మొక్కలు, ఎండుగడ్డి కలిపి ఒక ఘనమీటరు కుప్ప వేస్తే 4 రోజుల్లో నడిమధ్య 58 డిగ్రీలకు ఎక్కింది. నల్ల మచ్చలున్న ఆకుల్ని అందులో వేయలేదు.

ఇప్పటివరకు: పని 35 గంటలు.

దశ 7: రాత్రి మూయాలా, తెరవాలా (27–44 రోజులు)

పోయినేడు పంటను పోగొట్టింది ఏమిటన్నది ఇక్కడే తేలింది. రాత్రులు చల్లబడగానే అన్నీ బిగించి మూయడం నా అలవాటు. చలి నుంచి కాపాడుతున్నాననుకునేవాణ్ని. ఈసారి నారు ట్రేలు తిరిగి లోపలికి చేరాక 8 రాత్రులు మార్చి మార్చి చూశాను: 4 రాత్రులు పూర్తిగా మూసి, 4 రాత్రులు కప్పు కిటికీ 5 సెంటీమీటర్లు తెరిచి.

మూసిన రాత్రులు: బయటికంటే సగటున 2.7 డిగ్రీలు వెచ్చన. తెల్లవారి తేమ 98 శాతం. ఆకుల మీది నీరు ఆరేసరికి 11 గంటలు.

తెరిచిన రాత్రులు: బయటికంటే సగటున 2.0 డిగ్రీలు వెచ్చన. తెల్లవారి తేమ 89 శాతం. ఆకులు ఆరేసరికి 8:30.

మూసి సంపాదించింది 0.7 డిగ్రీ. దానికి చెల్లించింది ప్రతి పొద్దునా రెండున్నర గంటల అదనపు తడి. బూడిద రంగు బూజుకు కావాల్సింది సరిగ్గా అదే: చల్లదనం, ఆకు మీద గంటల తరబడి నీరు. మూసిన మూడో రాత్రి తర్వాత 4 లెట్యూస్ మొక్కల మొదళ్లకు ఆ బూజు వచ్చింది. మొక్క మొత్తం సంచిలో వేసి తీసేశాను, దులపలేదు. లెట్యూస్, పాలకూర 3, 4 డిగ్రీల చలికి బెదరవు. తడికి మాత్రం నిలవవు. ఇన్నేళ్లూ భయపడాల్సిన దానికి భయపడలేదు నేను.

35వ రోజు నుంచి పాటిస్తున్నది:

1. బయట 5 డిగ్రీల కిందికి దిగుతుందంటేనే పూర్తిగా మూయడం. తక్కిన రాత్రులు 5 సెంటీమీటర్ల సందు.
2. నీళ్లు పొద్దున 9 గంటల లోపే, మొదట్లోనే, ఆకు తడవకుండా.
3. మబ్బు రోజు నీళ్లు లేవు. వేలు రెండో కణుపు దాకా గుచ్చి తడి తగిలితే ఆపడమే.
4. పండిన, నేలకు ఆనిన ఆకులు రెండు రోజులకోసారి తీసేయడం.

వెచ్చదనం కావాలంటే ఇంకో దారి ఉంది. 40వ రోజు 200 లీటర్ల నల్ల డ్రమ్ములో నీళ్లు నింపి, మధ్యాహ్నపు ఎండ తగిలే వెనక గోడకు పెట్టాను. సాయంత్రం 19 డిగ్రీలున్న నీరు తెల్లవారికి 14.5. లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడితే 4.19 కిలోజౌళ్లు వదులుతుంది. 200 లీటర్లు 4.5 డిగ్రీలు దిగితే సుమారు 3,770 కిలోజౌళ్లు, దాదాపు ఒక యూనిట్ కరెంటుతో సమానం. డ్రమ్ముకు ముందు 5 రాత్రులు లోపలికీ బయటికీ తేడా సగటున 2.0 డిగ్రీలు, తర్వాతి 5 రాత్రులు 3.1. కిటికీ సందు రెండుసార్లూ ఒకటే. మబ్బు పట్టిన రోజు తర్వాతి రాత్రి మాత్రం డ్రమ్ము ఉన్నా లేనట్టే: ఆ రాత్రి తేడా 2.2.

ఇప్పటివరకు: పని 38 గంటలు. నారు 52.

దశ 8: నాటడం, కుడి మడి దింపడం (34–46 రోజులు)

34వ రోజు సాయంత్రం 35 లెట్యూస్, 17 పాలకూర మొక్కలు ఎడమ మడిలోకి వెళ్లాయి. ట్రేలో ఉన్న లోతుకే నాటాను. లెట్యూస్ మొదలు మట్టిలోకి దిగితే అక్కడే కుళ్లు మొదలవుతుంది. 8 స్థానాలు ఖాళీ.

42వ రోజు కుడి మడి టమాటాలు తీశాను. ఈసారి ముందు రోజు సాయంత్రం మొక్కలన్నీ సబ్బునీళ్లతో తడిపి, తెల్లవారుజామున దోమలు చలికి కదలకుండా ఉన్నప్పుడు ఒక్కో మొక్కకూ పెద్ద సంచి తొడిగి, లోపలే మొదలు కోశాను. మర్నాడు జిగురు అట్ట మీద 9. పోయినసారి 63.

ఈ మడిలోంచి 7.4 కిలోలు. ఎడమ మడిని నాలుగు వారాల ముందే ఖాళీ చేసి వదులుకున్న టమాటాలు ఎన్ని ఉంటాయని లెక్కేశాను. కుడి మడిలో 14వ రోజు నుంచి ఎర్రగా కోసినవి 3.1 కిలోలు. ఆ బరువు వదులుకుని 52 మొక్కలకు చోటిచ్చాను. రెండు మడులూ టమాటాకే ఉంచితే లెట్యూస్ 42వ రోజున మడిలోకి దిగేది, 10 గంటల పగటికి 20 రోజులే మిగిలేవి. నా వరకు ఇది సరైన బేరమే. ఆకుకూర అవసరం లేనివాళ్లకు కాకపోవచ్చు.

46వ రోజు, అంటే ఈ రోజు, మూడో విడత ట్రేలోంచి 8 మొక్కలతో ఎడమ మడి ఖాళీలు పూడ్చాను. మిగిలిన 14 కుడి మడి చివర, నీళ్లతో కడగని భాగంలో నాటాను. ఈసీ అక్కడ 1.6. కడిగిన మట్టికీ కడగని మట్టికీ తేడా మొక్క మీద ఎంత కనబడుతుందో పక్కపక్కనే చూడొచ్చు.

మొత్తం: పని 45 గంటలు. టమాటాలు 13.2 కిలోలు. మడిలో మొక్కలు 60 + 14. పోయిన నారు 11: సాగి పడిపోయినవి 3, సబ్బునీటికి 4, బూజుకు 4. ఉల్లి 48లో 35. గుమ్మడి 6లో 5.

34వ రోజు నాటిన లెట్యూస్ ఆకుల వెడల్పు ఈ పొద్దున కొలిస్తే 5 నుంచి 7 సెంటీమీటర్లు. అరచేయి అంటే నాకు 9. పగలు 10 గంటల 47 నిమిషాలు, ఇంకా 16 రోజులున్నాయి. పాలకూర వెనకబడింది, 4 సెంటీమీటర్లు దాటలేదు. వచ్చేసారి దాన్ని లెట్యూస్ కంటే వారం ముందు విత్తుతాను. రేపు పొద్దున కుడి మడిలో మిగతా భాగానికి మొదటి 80 లీటర్లు పోయాలి. పై అరలో ఈసారి ఏమీ లేదు, చూసుకున్నాను.